వంటింటి తలుపుతో పోపుల పెట్టె: ప్రాజెక్టు డైరీ

మార్చి 9, 2025, ఆదివారం

అమ్మమ్మగారింటి వంటింటి తలుపు ఇవాళ హైదరాబాదు చేరింది. మామయ్య దాన్ని పలకలుగా విప్పించి, గోనెపట్టాలో చుట్టి, ఆర్టీసీ కార్గోలో వేశాడు. నాలుగు పలకలు వచ్చాయి. ఒక్కోటి ఎనిమిది అంగుళాల వెడల్పు, అంగుళంపావు మందం, ఐదడుగుల పైచిలుకు పొడవు. పైన ఆకుపచ్చ ఎనామిల్, గీకితే దాని కింద నీలం, ఇంకా కింద ఇటుక రంగు. మూలన గోరంత పెచ్చు లేపి ఉలితో చిన్న చెక్క తీసి వాసన చూశాను. టేకు. ఇన్నేళ్లయినా ఆ తోలు వాసన పోలేదు.

ఊళ్లో మండువా ఇల్లు విప్పేటప్పుడు "నీకేం కావాలిరా?" అని మామయ్య అడిగితే ఈ తలుపే అడిగాను. గడప జోలికి మాత్రం ఎవరూ పోవద్దని అమ్మ ముందే చెప్పింది. దాన్ని కొత్తింటి దేవుడి గదికి పెడుతున్నారు.

దీంతో అమ్మకి పోపుల పెట్టె చేయాలి. ఈ మూడేళ్లలో పెన్నుల పెట్టెలు, నగల పెట్టెలు కలిపి ఓ పది చేసి ఉంటాను. రోజూ వాడే వంటింటి వస్తువు మాత్రం ఇదే మొదటిది. అమ్మమ్మ దగ్గర ఉన్న పెట్టె ఒకే దుంగలో గుంటలు తొలిచి చేసినది. మూత ఒక మేకు మీద పక్కకి తిరిగేది. అది ఎప్పుడో పుచ్చిపోయింది. ఆ మూత తిప్పినప్పుడల్లా ఆవాలు ఒలికేవని అమ్మ చెబుతుంది. అందుకని తనకు జరుపుడు మూత కావాలంది. ఇంకో కోరిక కూడా ఉంది. "ఎండుమిరపకాయలు విరవకుండా పట్టాలిరా. స్టీలు డబ్బాలో గిన్నెలు బుల్లివి, విరిస్తే గింజలన్నీ రాలిపోతాయి."

రాత్రి కాగితం మీద గీశాను. బయట కొలత 12 అంగుళాలకు 8, ఎత్తు 3. గోడలు నాలుగు సూత్‌ల మందం (సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు). లోపల పొడవునా రెండంగుళాల వెడల్పుతో ఒక అర మిరపకాయలకి. మిగిలిన చోట ఆరు అరలు: ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, శనగపప్పు, మెంతులు, పసుపు. ఇంగువకి దీంట్లో చోటు లేదు, దాని వాసన మిగతావాటికి పట్టేస్తుంది.

ఒక పలక అంచు మిగతా మూడింటిలా లేదు. పైనుంచి కిందిదాకా సన్నగా వాలుగా ఉంది, ఎవరో చాలాసార్లు చిత్రిక పట్టినట్టు. ఎందుకో తెలియలేదు.

మార్చి 16, ఆదివారం

రోజంతా మేకులు, పెయింటు.

పాత తలుపులతో పని చేసేవాళ్లకి ఒక మాట. పెయింటుని సాండ్‌పేపరుతో గీకకండి. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం బాగా ఎక్కువ. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. ఈ తలుపు మీది రంగులు అంతకు చాలా ముందువి. గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, బాల్కనీలో ఆరేసిన బట్టల మీద పడుతుంది. పైగా చేసేది తిండి వస్తువులు పెట్టే పెట్టె. అందుకే మాస్కు పెట్టుకుని, కింద పాత దుప్పటి పరిచి, చిత్రికతో రంగు పొరని చుట్టలు చుట్టలుగా లేపేశాను. రంగు కింద చెక్క కూడా ఒక పొర తీసేశాను. ఆ చుట్టలన్నీ కవరులో కట్టి విడిగా పారేశాను. పొయ్యిలో కాల్చే వస్తువు కాదు అది.

మేకులు పదిహేడు. చేత్తో కొట్టి చేసిన చదరపు మేకులు, తలలు ఎప్పుడో ఊడిపోయాయి. ప్రతి మేకు చుట్టూ నల్లటి మచ్చ ఉంది కాబట్టి చాలావరకు కంటికే దొరికాయి. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి పలకల మీదుగా నడిపిస్తే ఇంకో మూడు దొరికాయి. పద్దెనిమిదోది మాత్రం నా చిత్రిక బ్లేడుకి దొరికింది. బ్లేడులో బియ్యపు గింజంత పెచ్చు ఎగిరింది. సానరాయి మీద గంటన్నర నూరితే గాని మళ్లీ దారికి రాలేదు.

మార్చి 22, శనివారం

కోత మిల్లుకి వెళ్లాను. అంగుళంపావు పలకని నిలువుగా రెండుగా చీల్చాలి, చేతి రంపంతో నా వల్ల కాదు. పాత కర్ర అనగానే మిల్లులో కుదరదన్నారు. వాళ్ల బాధ న్యాయమైనదే. ఒక్క మేకు తగిలితే బ్యాండ్‌సా బ్లేడు తెగుతుంది, పక్కనున్న మనిషికి ప్రమాదం. నా అయస్కాంతం వాళ్ల చేతికే ఇచ్చి, ప్రతి పలకా చూసుకోమన్నాను. మధ్యాహ్నం రెండింటికి కోసిచ్చారు.

చీల్చిన పలకలు పుస్తకంలా విప్పితే లోపల తేనె రంగు, మధ్యలో ముదురు గోధుమ చారలు. అంతా చేవే, తెల్లచెక్క ఎక్కడా లేదు. మిల్లు మనిషి కూడా ఒక నిమిషం పని ఆపి చూశాడు.

ఏప్రిల్ 6, ఆదివారం, శ్రీరామనవమి

మధ్యలో ఉగాది, ఊరి ప్రయాణం. ఇవాళ పానకం తాగి పనిలో కూర్చున్నాను.

పలకలు చిత్రిక పట్టి నాలుగు సూత్‌లకి దించాను. టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, పదును తొందరగా తినేస్తుంది. ప్రతి ఇరవై నిమిషాలకీ ఒకసారి బ్లేడు తీసి నూరాల్సి వచ్చింది. వెయ్యి నంబరు రాయి, తర్వాత ఆరువేల నంబరు రాయి, ఆ తర్వాత పాత బెల్టు తోలు. పదును సరిగ్గా ఉన్నప్పుడు పొట్టు శబ్దం మారుతుంది. గరగరమనే చప్పుడు పోయి, పట్టుచీర మడత విప్పినట్టు ఒక మెత్తని చప్పుడు వస్తుంది. ఆ పొట్టుని వెలుగుకి అడ్డం పెడితే వేళ్లు కనిపిస్తాయి. అలా వచ్చిన పలకకి సాండ్‌పేపరు అక్కర్లేదు.

టేకు దుమ్ము కొందరికి పడదు, చర్మం దురద పెడుతుంది, తుమ్ములు వస్తాయి. చిత్రికతో చేస్తే దుమ్ము తక్కువ. నేను చేతి పనిముట్లనే పట్టుకుని ఉండటానికి అదొక కారణం. అపార్ట్‌మెంటులో పక్కవాళ్లకి మిషన్ల చప్పుడు లేకపోవడం ఇంకో కారణం.

ఏప్రిల్ 13, 20, 27

మూడు ఆదివారాలూ డవ్‌టెయిల్ జాయింట్లకే.

ఒక పలక చివర విసనకర్రల్లా విచ్చుకున్న తోకలు, రెండో పలక చివర వాటికి సరిపోయే గూళ్లు. ఒకసారి దిగాక ఒక దిక్కున ఎంత లాగినా ఊడదు. గట్టి కర్రకి వాలు ఎనిమిదికి ఒకటి ఉంటే చాలని చెబుతారు, నేనూ అదే పెట్టాను. ముందు తోకలు కోసి, ఆ పలకని రెండోదాని కొనమీద నిలబెట్టి, సన్నని కత్తితో తోకల చుట్టూ గీత గీయాలి. పెన్సిలు గీతకి మందం ఉంటుంది. అర మిల్లీమీటరు ఎటు పోయిందో తెలియదు. కత్తి గీతకి మందం లేదు, పైగా ఉలి అంచు నేరుగా ఆ గీతలోకి వెళ్లి కూర్చుంటుంది.

రంపం జపాన్ తరహాది, లాగితే కోస్తుంది, ఆకు పల్చన. గీతకి పారేసే వైపు కోయాలి, గీత మాత్రం పలక మీద ఉండిపోవాలి. మొదటి మూలలో రెండు గూళ్ల దగ్గర గీతకి అవతల కోశాను. పారేసే భాగాల మీద అడ్డగీతలు పెట్టకపోవడం వల్ల జరిగింది. పేకముక్కంత సందు వచ్చింది. అదే పలక తుంపుతో పల్చని చీలికలు తీసి, జిగురు రాసి సందులో దింపి, ఆరాక చదును చేస్తాను. చెక్కపొడి, జిగురు కలిపి పూస్తే నూనె తగిలిన రోజున అక్కడ మచ్చ వేరుగా కనిపిస్తుంది. చీలిక పెడితే నార, అంటే చెక్కలోని పోగుల వాటం, కూడా కలిసిపోతుంది.

రెండో మూలనుంచి పారేసే ప్రతి ముక్క మీదా సుద్దతో ఇంటూ గుర్తు పెట్టాను. నాలుగో మూల అరచేత్తో నొక్కి, చెక్క సుత్తితో రెండే దెబ్బలు వేస్తే దిగిపోయింది. దిగేటప్పుడు చప్పుడు మెల్లగా చిక్కబడుతుంది. ఇక చాలు అని చెవికే తెలుస్తుంది.

అడుగు పలక గోడల్లో తీసిన గాడిలో కూర్చుంటుంది. గాడి రెండు సూత్‌ల వెడల్పు, ఐదు మిల్లీమీటర్ల లోతు. పొడుగు గోడల్లో ఈ గాడిని చివరిదాకా లాగేస్తే తోక కొసలో చతురస్రపు చిల్లు బయటికి కనిపిస్తుంది. అందుకని కొసకి రెండు సూత్‌ల ముందే ఆపి, చివర ఉలితో తొలిచాను. లోపలి అరల పలకలు సగం సగం గాడి కోసి ఒకదానిలో ఒకటి దించాను. వాటికి జిగురు లేదు, కడగాలన్నా మార్చాలన్నా పైకి లేపి తీసేయవచ్చు.

మే 4, ఆదివారం

జిగురు పని పొద్దున ఐదున్నరకే మొదలుపెట్టాను. ఈ ఎండల్లో పది దాటాక జిగురు ఐదు నిమిషాలకే పైన మీగడ కట్టేస్తుంది. నాలుగు మూలలకీ రాసి, బిగించేలోగా చెయ్యి ఆడదు. టేకు నూనె గల కర్ర కాబట్టి జాయింట్లన్నీ ముందుగా స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిచాను. గుడ్డ పసుపుపచ్చగా మారింది. ఆ నూనె ఉండగా జిగురు రాస్తే పట్టు సగమే.

నా దగ్గర ఉన్నవి రెండు క్లాంపులే. మిగతా బిగింపుకి పాత సైకిలు ట్యూబు చాలు. అంగుళం వెడల్పు పట్టీలుగా కోసి, పెట్టె చుట్టూ లాగి లాగి చుడితే నాలుగు వైపులా ఒకే ఒత్తిడి వస్తుంది. మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి ఐమూలగా రెండు కొలతలూ తీశాను. మొదట ఒక సూత్ తేడా వచ్చింది. పొడుగ్గా ఉన్న ఐమూల వెంట ఒక క్లాంపు వేసి బిగిస్తే సమమైంది.

అడుగు పలకకి మాత్రం జిగురు చుక్క తగలనివ్వలేదు. దానికి గాడిలో రెండు పక్కలా ఒకటిన్నర మిల్లీమీటరు చొప్పున ఖాళీ వదిలాను. చెక్క వానల్లో ఉబ్బుతుంది. జాగా లేకపోతే గోడల్ని తోసేస్తుంది.

మే 18, ఆదివారం

మూత అయింది. ఈ పెట్టెలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. అంత వెడల్పు పలక తలుపు మొత్తంలో ఒక్కటే మచ్చ లేకుండా దొరికింది. చారలు ఒక కొసనుంచి ఇంకో కొసకి వాగు పారినట్టు పోతాయి. రెండు సూత్‌లకి పల్చన చేసి, పొడుగు గోడల్లోని గాడుల్లోకి జరిపాను. కొంచెం కొంచెంగా అంచులు దించుకుంటూ వచ్చాను. చివరికి రెండు వైపులా కలిపి అర మిల్లీమీటరు ఖాళీ మిగిలింది. మూత తోస్తే లోపలి గాలి బయటికి పోయే చప్పుడు "ఫ్" అని వినిపిస్తోంది. అమ్మ నాలుగైదుసార్లు తీసి, వేసి చూసింది.

ఇక పాలిష్ మిగిలింది. వచ్చే ఆదివారం.

జూన్ 22, ఆదివారం

ఆ ఆదివారం రాలేదు. ఆఫీసులో రిలీజ్ టెన్షన్, శని ఆదివారాలు కూడా లాప్‌టాప్ ముందే. ఈలోగా ఈ ఏడు వానలు మే నెలాఖరుకే వచ్చేశాయి.

ఇవాళ పెట్టె బయటికి తీస్తే మూత రాలేదు. బొటనవేలితో తోశాను, అరచేత్తో తోశాను, రబ్బరు సుత్తితో తట్టాను. గోడల్లో గుచ్చుకున్నట్టు బిగుసుకుపోయింది. ఎక్కువ కొడితే గాడి పెదవి విరుగుతుందని ఆపేశాను. తేమ కొలిచే మీటరు పెట్టి చూస్తే 13 శాతం. మే నెలలో ఇదే చెక్క 8 చూపించింది.

లెక్క వేశాను. టేకు మిగతా కర్రలకంటే తక్కువ కదిలేదే. అయినా ఏడున్నర అంగుళాల వెడల్పు పలకలో తేమ ఐదు శాతం పెరిగితే, కోత తీరుని బట్టి ఒకటి నుంచి పావుతక్కువ రెండు మిల్లీమీటర్ల దాకా ఉబ్బుతుంది. నేను వదిలింది అర. అడుగు పలకకి ఇచ్చిన జాగా మూతకి ఇవ్వలేదు. ఆ "ఫ్" శబ్దం మీద మోజుతో ఇవ్వలేదు.

అమ్మ పెట్టె చేతిలోకి తీసుకుని చూసి అంది: "ఈ తలుపు మొదట్నుంచీ ఇంతేరా. శ్రావణమాసం వస్తే భుజంతో తోస్తే గాని వంటింటి తలుపు పడేది కాదు. మీ తాతయ్య ఏటా వడ్రంగిని పిలిచి ఆ అంచు గీకించేవాడు."

లోపలికి వెళ్లి, మిగిలిన పలకల్లోంచి ఆ వాలు అంచు ముక్క తీసి చూశాను. చిత్రిక మెట్లు వేలికి తగులుతున్నాయి. అలా ఎన్ని శ్రావణాల్లో గీకించారో.

జూన్ 29, ఆదివారం

మా వీధి చివర సామిల్లు పక్కన పనిచేసే పెద్ద మేస్త్రి గారి దగ్గరికి పెట్టె తీసుకెళ్లాను. చేతుల్లో తిప్పి, జాయింట్ల మీద గోరు పెట్టి లాగి చూశారు. చీలికలు పెట్టిన మూల ఒక్క చూపులోనే పట్టుకున్నారు.

"అంచు దించుకుంటే జరుగుద్ది బాబూ, కానీ ఎండాకాలం మళ్లీ లొడలొడలాడుద్ది. నార వాటం మార్చు. కర్ర నిలువుకి పెరగదు, అడ్డానికే ఉబ్బుతది. వానాకాలం తలుపు పట్టేసేది వెడల్పు పెరిగి, ఎత్తు పెరిగి కాదు గదా."

అంతే. ఆయన రెండు మాటల్లో చెప్పింది నేను పుస్తకాల్లో చాలాసార్లు చదివాను. చెక్కలో పోగులు కాండం పొడవునా పడుకుని ఉంటాయి. నీరు పోగుల గోడల్లోకి చేరితే ఆ పోగులు లావెక్కుతాయి గాని పొడుగెక్కవు. కానీ మూత నారని పెట్టెకి అడ్డంగా తిప్పవచ్చన్న ఆలోచన నాకు రాలేదు, ఎందుకంటే పొడవునా పారే చారలే అందం అనుకున్నాను. నార ఒక గోడనుంచి ఎదుటి గోడ వైపు ఉంటే, గాడుల మధ్య మూత వెడల్పు ఏ కాలంలోనూ మారదు. ఉబ్బేది జరిగే దిక్కున. ఆ దిక్కున ముందు వైపు అడ్డే లేదు.

బిగిసిన మూతని ఆయనే తీశారు. ఇనుప పనిముట్టు దేన్నీ ముట్టుకోలేదు. పెట్టెని వేడి తగిలే రేకు షెడ్డు కింద, బల్బు దగ్గర గంటసేపు ఉంచి, గోడల బయటివైపు అరచేత్తో తడితే కదిలింది. డబ్బు తీసుకోలేదు. టీ తాగి వచ్చాను.

జూలై 13, ఆదివారం

కొత్త మూత. అడ్డనారకి పొడుగు పలక అక్కర్లేదు, ఎనిమిదంగుళాల తుంపులు చాలు. మిగిలినవన్నీ అవే కాబట్టి పని సులువైంది. మూడు తుంపులు అంచుకి అంచు అతికించాను. అతికే ముందు రెండు పలకల్నీ కలిపి మడిచినట్టు పట్టుకుని ఒకేసారి చిత్రిక పట్టాలి. అప్పుడు కోణంలో చిన్న తేడా ఉన్నా ఒకదానిది ఇంకోదానికి సర్దుకుంటుంది. వెలుగుకి ఎత్తి చూస్తే అతుకులో సందు కనిపించకూడదు.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది. గాడిలో రాసుకునేది ఇప్పుడు నార కొస, గరుకు. ఉలితో అంచుల్ని నున్నగా చెక్కి, తేనెమైనం రుద్ది, గుడ్డతో వేడెక్కేలా తోమాను. ఇప్పుడు చిటికెనవేలితో తోసినా జరుగుతోంది. గాలి చప్పుడు లేదు. వాన బయట కురుస్తూనే ఉంది.

జూలై 14, సోమవారం

పాలిష్ దేంతో అన్నది రాత్రంతా ఆలోచించాను. హార్డ్‌వేర్ షాపులో దొరికే మరిగించిన అవిసె నూనెలో త్వరగా ఆరడానికి లోహపు లవణాలు కలుపుతారు, తిండి పెట్టెకి వద్దు. పైగా ఆ నూనె గుడ్డలు ముద్దగా పడేస్తే తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి. నువ్వులనూనె, వేరుశనగనూనె సరిగ్గా ఎండవు, జిడ్డు కట్టి చిక్కు వాసన వస్తాయి. లక్క మంచిది. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగు వదిలే జిగురు అది. మందుబిళ్లలకీ, మిఠాయిలకీ పైపూతగా వాడేది కూడా అదే. మన ఏటికొప్పాక బొమ్మల మెరుపూ లక్కదే. లక్కరేకులు 30 గ్రాములు పావులీటరు స్పిరిట్‌లో నానబెట్టాను.

జూలై 27, ఆదివారం

రెండు వారాలు తెరిపి కోసం ఆగాను. గాలిలో తేమ ఉన్నప్పుడు లక్క పూస్తే పాలు చల్లినట్టు తెల్లగా మసకేస్తుంది. ఇవాళ మధ్యాహ్నం ఎండ కాసింది. ఉతికిన పాత పంచె గుడ్డలో దూది ఉండ కట్టి, లక్కలో తడిపి, వెనక్కి తిరిగి రాకుండా ఒకే దిక్కున లాగాను. పూత పూతకీ మధ్య అరగంట. బయట ఐదు పూతలు, లోపల రెండు. గాడుల్లో లక్క లేదు, మైనం ఒక్కటే.

మూడో పూతకి చీలికలు పెట్టిన మూల కలిసిపోయింది. ఎక్కడుందో తెలిసిన నాకు మాత్రం కనిపిస్తూనే ఉంది.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీవ్రతం. పెట్టెలో స్పిరిట్ వాసన పూర్తిగా పోయాక పొద్దున్నే అమ్మ పసుపు, కుంకుమ పెట్టి పోపులు పోసింది. మిరపకాయల అరలో గుంటూరు మిరపకాయలు తొడిమలతో సహా బారుగా పడుకున్నాయి. పులిహోర పోపు దీంట్లోంచే పడింది. ఒక చెయ్యి బాణలి మీద ఉండగానే రెండో చేతి బొటనవేలితో మూత సగం జరిపి ఆవాలు తీసుకుంది. సగమే తెరిస్తే చాలు, ఆవాలు, మినప్పప్పు, మిరపకాయలు మూడూ అందుతాయి. నేను గీసినప్పుడు ఆ సంగతి ఆలోచించలేదు. అరల వరుస అమ్మే సర్దుకుంది.

ఆగస్టు 10, ఆదివారం

పసుపు అర అప్పుడే రంగు పట్టింది. పట్టనీ.

పాత మూత పారేయలేదు. ఆ వాగు చారల పలకకి సరిపడే పెట్టె ఇంకోటి ఆలోచిస్తున్నాను, ఈసారి ఎత్తి పెట్టే మూత.

కొత్త మూత ఇవాళ ముందు గోడ అంచుకి సరిసమానంగా ఉంది. లెక్క ప్రకారం మార్చి, ఏప్రిల్ నాటికి దాదాపు ఒక సూత్ లోపలికి పోవాలి. మూత అడుగున పెన్సిలుతో ఇవాళ్టి తేదీ, 13 శాతం అని రాశాను. గోడ లోపలివైపు, మూత కొస తగిలే చోట కత్తితో ఒక సన్న గీత పెట్టాను. ఎండలు ముదిరాక మళ్లీ కొలుస్తాను.